ఓబుళమ్మ గుణపత్రం

దిగుడుకు ఇంకా తొమ్మిది రోజులు

ఈ పుస్తకంలో అంకెలు తప్ప వేరే ఏమీ రాయకూడదని ఈసారి పైవాళ్లు కాగితం పంపారు. మేలుకుని ఊరి నిద్ర కాసే కాపరులు సొంత గోల రాయరాదట. నేను రాస్తాను. పదకొండు ఎండాకాలాలు ఈ చల్లగనిలో మందు కొలిచిన మనిషిని, నా పుస్తకంలో ఏం రాయాలో నాకొకరు చెప్పాలా?

బయట యాభై రెండు డిగ్రీలు. యాభై ఐదు దాటేలోపు ఊరంతా గనిలోకి దిగి మందు నిద్రలో పడుకోవాలి. తర్వాత నలభై ఎనిమిది రోజులు తలుపు తెరవడం ఉండదు. నాపరాళ్లు తవ్వి వదిలేసిన నాలుగు సొరంగాల్లో రాతి మంచాలు కడిగించాను. దుప్పట్లు దులిపించాను. నాలుగో సొరంగం తలుపు బందులు ఏడుస్తుంటే నూనె పోయించాను. గోళ్లు కత్తిరించుకోకుండా వచ్చినవాళ్లను వెనక్కి పంపించాను, కిందటేడు ఒకాయన నిద్రలో తన మెడ తానే గీరుకున్నాడు మరి.

పొద్దున్నే గుణపత్రాలు మొదలుపెట్టాం. రాళ్లు చెక్కే మద్దిలేటి, అతని పెండ్లాం తులశమ్మ వచ్చి కూర్చున్నారు.

"మీ ఆయన ఉలిక్కిపడే మనిషేనా?" అని అడిగాను.

"ఏం చెప్పమంటావు సుంకులక్కా! మొన్న పొయ్యికాడ బల్లి పడితే నన్ను ముందుకు తోసి నా యెనకాల నక్కినాడు."

మద్దిలేటి మొహం కందగడ్డ అయింది. కానీ మాట్లాడటానికి లేదు. గుణపత్రం దగ్గర ఎవరి గురించి వాళ్లు నోరు విప్పకూడదనేది మా ఊరి పద్ధతి. తన గురించి తాను చెప్పుకుంటే ఎచ్చులన్నా పోతారు, లేని వినయమన్నా చూపిస్తారని పెద్దల లెక్క. అందుకని ఇంట్లోవాళ్లే సాక్షి. సాక్షి చెప్పిందే నేను రాస్తాను.

మద్దిలేటికి మూడో తరగతి రాసి మందు ఎక్కువ పెట్టాను. బెదురు మనిషి గుండె నిద్రలోనూ పరుగెడుతుంది. ఆ పరుగుకు మందు తొందరగా కరిగిపోతుంది. నింపాది మనిషికి అదే మందు ఇస్తే ఒంట్లో నిలవ పడుతుంది, మరీ ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. దిగేరోజు తొడకు ఒకే సూది. అది నలభై ఎనిమిది రోజులూ కొంచెం కొంచెంగా రక్తంలోకి దిగుతుంది. ఒకసారి ఎక్కించాక వెనక్కి తీయడం ఎవరి వల్లా కాదు.

మా అక్క ఓబుళమ్మ పత్రం నేనే నింపాను, పిలిపించకుండానే. ఆమెకు ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి సాక్షినీ నేనే. పదకొండేళ్లుగా అదే మాట: భయం లేదు, ఒకటో తరగతి. గనిలో తూటాలు పేల్చే మనిషి. ప్రతి ఏడూ నాలుగో సొరంగంలోకి అందరికంటే ముందు నడిచి పడుకునేది ఆమే. ఆమెను చూసి మిగతావాళ్లు అడుగు వేస్తారు. దానికి ఆలోచన ఏం కావాలి?

దిగుడుకు ఇంకా ఏడు రోజులు

కొత్త పెట్టె వచ్చింది. రక్తం బొట్టు వేస్తే ఒంట్లో మందు ఎంత ఉందో అంకె చూపిస్తుంది. నలభై ఉంటే మంచి నిద్ర. పదికి తగ్గితే మెలకువ. ఎనభై దాటితే ఊపిరికి ముప్పు. ఇన్నాళ్లూ ముప్పయ్యో రోజున అందరి రక్తం తీసి చల్లటి అరలో దాచేవాళ్లం, చూసే దిక్కు లేక. పెట్టె సరిగ్గా పనిచేస్తుందో లేదో ఆ పాత సీసాలతో చూద్దామని నాతోటి కాపరి ఖాజావలి అన్నాడు.

నాలుగో సొరంగం, మొదటి మంచం, కిందటేడు. అంకె ఏడు.

పెట్టె చెడిపోయిందన్నాను. ఖాజా పక్క మంచం సీసా వేశాడు, నలభై రెండు. మళ్లీ అక్క సీసా వేశాడు, ఏడు. అంతకు ముందేటి సీసా తీశాడు, తొమ్మిది. ఆ ముందేటిది ఎనిమిది.

ఖాజా నా మొహం చూడకుండా సీసాలు సర్దాడు. "పెట్టె బాగానే ఉండాదక్కా," అన్నాడు మెల్లగా. ముప్పయ్యో రోజుకే ఏడు ఉంటే, ఆ మనిషి తక్కువలో తక్కువ పద్దెనిమిది రోజులు చీకట్లో మేలుకునే ఉంది. మూడేళ్లుగా. సీసాలున్నవి మూడేళ్లవే.

దిగుడుకు ఇంకా ఆరు రోజులు

అక్క మా ఇంటి వసారాలో కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటోంది. నేను నిలబడే అడిగాను.

"పోయినేడు నీకు మెలకువ ఎప్పుడొచ్చింది?"

"అందరితో పాటే."

"అబద్ధాలాడొద్దు. నీ రగతం చెప్పింది."

"రగతం గూడా చాడీలు చెప్తాదా ఇప్పుడు?" అని నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె కాసేపు ఇంకో గోరు చూసుకుంది. తర్వాత కత్తెర కింద పెట్టింది.

"ఇరవై దినాల తర్వాత ఎప్పుడో వస్తాది మెలకువ. కండ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. ఏమీ కనపడదు. కాపరి దీపం తెచ్చినప్పుడు మూసుకుంటా. తులశమ్మ గురక పెడతాది సూడు, అది లెక్కపెట్టుకుంటా ఉంటా. ఆ యమ్మ పక్కకు తిరిగితే గురక ఆగిపోతాది. అప్పుడే కష్టం."

"తల కాడ గంట ఉండాది గదే! ఏంటికి నొక్కలా?"

"నొక్కితే నీ సాక్షి తప్పని తేలుతాది గదా. తప్పు సాక్షి చెప్పినోళ్లను మందు కాడ ఉండనిస్తారా? ఇంత చదువు చదివి తెచ్చుకున్న పని."

తిట్టాను. నోటికి ఏది వస్తే అది తిట్టాను. మతి పోయిందా అన్నాను, నా ఉద్యోగం మంట్లో కలవనీ అన్నాను. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. సొంతవాళ్ల సొరంగం కాయకూడదని నియమం, అందుకే పదకొండేళ్లూ నేను రెండో సొరంగంలో తిరిగాను. మధ్యలో ఉన్నది రెండు గోడలు. అక్కడ ఆమె కళ్లు మూసుకుని గురకలు లెక్కపెట్టుకుంటూ ఉంటే నేనిక్కడ హాయిగా గంజి తాగాను. ఆ మాట అని ఏడ్చాను కూడా.

"నీకు భయం లేదనుకున్నా అక్కా," అన్నాను. "చిన్నప్పుడు గని గోడ కూలి మనిద్దరం లోపల ఇరుక్కుంటే, రెండు దినాలు నా చెయ్యి పట్టుకుని కూర్చున్యావు. నువ్వు ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టలా. నాకు ఆరేండ్లు. అదే రాసినా నేను, ప్రతి ఏడూ అదే రాసినా."

అక్క ఒళ్లో పడ్డ గోళ్లు దులుపుకుంది.

"నీ చెయ్యి నీకోసం పట్టుకున్యాననుకున్యావా? నువ్వు నిద్రపోయినావు పాపా. రెండు దినాలూ ఒకటే నిద్ర. నేనే పట్టుకున్యా, నాకోసరం. వదిలితే సచ్చిపోతా అనిపించింది. ఆ పొద్దు నించి చీకటంటే నాకు పడదు. తూటా అంటే భయం ల్యా, ఎండంటే భయం ల్యా. చీకటొక్కటే."

నలభై ఏళ్ల తర్వాత ఈ మాట. ఈసారి నాలుగో సొరంగం నేనే కాస్తానని, దిగేటప్పుడు, దిగినాక కూడా ఆమె పక్కనే ఉంటానని మాట ఇచ్చాను. నియమం సంగతి నేను చూసుకుంటానన్నాను. అక్క నా వంక చూసి, "అమ్మయ్య," అంది. చిన్నపిల్లలు అన్నట్టే అంది. తర్వాత లేచి ఇద్దరికీ సంగటి పెట్టింది, రెండు ముద్దలు తిన్నది. ఎప్పుడూ ఒకటి తినే మనిషి.

దిగుడుకు ఇంకా రెండు రోజులు

అక్క పాత పత్రం చించేసి కొత్తది రాశాను. బెదురు, మూడో తరగతి. సీసాల అంకెలు ముందు పెట్టుకుని లెక్క కట్టాను. ఏడు, తొమ్మిది, ఎనిమిది. ఎంత తొందరగా కరిగించుకుంటుందో, దానికి సరిపడా ఎంత కావాలో. కిందటేడు ఇచ్చినదానికి రెండింతలు పైగా వచ్చింది. ఖాజా కూడా లెక్క చూశాడు. తప్పు లేదన్నాడు. నిజంగానే లెక్కలో తప్పు లేదు.

"దిగేటప్పుడు నాడి చూసి మళ్లీ ఒకసారి అనుకుందామా అక్కా?" అన్నాడు.

"నాకు చెప్తావా అబ్బీ?" అన్నాను. పాపం, మంచికే అన్నాడు.

దిగుడు, ఒకటో రోజు

ఎనిమిది వందల పదమూడు మంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి అయింది.

నాలుగో సొరంగంలోకి ఎప్పటిలాగే అక్క ముందు నడిచింది. ఈసారి నేను పక్కనే నడిచాను. మంచం మీద పడుకున్నాక నాడి చూశాను, అరవై నాలుగు. ప్రతి ఏడూ ఇక్కడ ఆమె నాడి తొంభై దాటేది. కాపరులు ఆ అంకె తెచ్చి ఇస్తే, మెట్లు దిగిన ఆయాసం అని పక్కన రాసేదాన్ని. ఇవాళ అరవై నాలుగు చూసి, పైకి ధైర్యం నటిస్తోంది అనుకున్నాను. పదకొండేళ్లు నా కళ్లు కప్పిన మనిషికి నాడిని అదుపులో పెట్టుకోవడం ఒక లెక్కా అనుకున్నాను. సూది ఖాజా చేతికి ఇచ్చి, ఆమె చెయ్యి నేను పట్టుకున్నాను.

"వదలొద్దు పాపా."

"వదల్ను. పండుకో."

"నీ చెయ్యి చల్లగుండాది," అంది. అంతలోనే నిద్రలోకి దిగిపోయింది.

దిగుడు, ఐదో రోజు

అక్క అంకె యాభై నాలుగు. కొంచెం ఎక్కువే, ముందుముందు తగ్గుతుంది. మిగతా మంచాలు చూడటం, సెలైన్లు మార్చడం, ఒళ్లు తుడవడం, పక్కలు తిప్పడం అయ్యాక వచ్చి ఆమె దగ్గర కూర్చుంటున్నాను. చెయ్యి పట్టుకుని మా సంగతులు చెబుతున్నాను. తులశమ్మ గురక నిజంగానే భరించలేం.

దిగుడు, తొమ్మిదో రోజు

డెబ్భై ఒకటి. తగ్గాల్సింది పెరుగుతోంది. మద్దిలేటికి చూశాను, నలభై. అందరికీ సరిగ్గా ఉంది.

దిగుడు, పదకొండో రోజు

ఎనభై ఆరు. నిమిషానికి ఏడు ఊపిరులు. నాడి అరవై రెండు.

ఆ అరవై రెండు దగ్గర నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆమె మందును కరిగించింది ఆమె భయం. ఆ భయానికి సరిపడా మందు కొలిచాను. కొలిచిన చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుని ఆ భయాన్ని తీసేశాను. ఇప్పుడు మంచం మీద ఉన్నది ఒకటో తరగతి మనిషి. ఒంట్లో ఉన్నది మూడో తరగతి మందు.

మొదట మనిషిని చూడకుండా పత్రాన్ని నమ్మాను. తర్వాత మనిషి చెప్పింది విని, నాడి చెప్పింది వినలేదు. నేను రాసినదే నిజమని నాకంత పొగరు ఎందుకో తెలియదు.

దిగుడు, పన్నెండో రోజు

గాలిసంచీతో ఊపిరి పోస్తున్నాం, నేనొక గంట, ఖాజా ఒక గంట. నా నాలుగో సొరంగాన్నీ, నా బదులు ఖాజా కాస్తున్న రెండో సొరంగాన్నీ ఒకటో, మూడో సొరంగాల కాపరులు చూసుకుంటున్నారు. బయట యాభై ఎనిమిది. వాన పడేదాకా ఈ తలుపు దగ్గరికి ఎవరూ రాలేరు. వైర్‌లెస్‌లో డాక్టరు గారు, విరుగుడు సూది ఇస్తే పావుగంట తెలివి వస్తుంది గానీ మందు పోదు, రెండో సూదికి గుండె ఆగుతుంది, అన్నారు.

మధ్యాహ్నం ఖాజా సంచీ నొక్కుతూనే అన్నాడు, "అక్కా, ఒక మాట చెప్తే తిట్టొద్దు."

"చెప్పు."

"ఆ పావుగంటలో ఆమెకు భయం పుట్టాల. భయపడితే మళ్లీ పాతమాదిరి కరుగుతాది. దీపం ఆర్పుదాం. నువ్వు చెయ్యి వదిలెయ్."

నేను వాణ్ని కొట్టబోయాను. నిజంగానే చెయ్యి ఎత్తాను. వాడు కదల్లేదు. వాడి కళ్లల్లోనూ నీళ్లున్నాయి.

"వదల్నని మాటిచ్చినా రా," అన్నాను.

"తెలుసక్కా. ఇంక వేరే దావ ల్యా."

దిగుడు, పదమూడో రోజు

తొంభై నాలుగు. ఒప్పుకున్నాను.

విరుగుడు సూది ఇచ్చి దీపం ఆర్పాం. ఆమె వేళ్లలోంచి నా వేళ్లు ఒక్కొక్కటీ తీసుకున్నాను. రెండడుగులు వెనక్కి వేసి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఖాజా ఆమె మణికట్టుకు తగిలించిన నాడి పెట్టె వంక చూస్తున్నాడు. దాని చిన్న అంకె ఒక్కటే ఆ చీకట్లో వెలుగు. అరవై మూడు.

కాసేపటికి అక్క కదిలింది.

"పాపా?"

నేను పలకలేదు. నా జన్మలో నేను చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది అదే. భయపడు అక్కా, భయపడు, అని లోపలే మొక్కుకున్నాను.

ఆమె చెయ్యి మంచం రాయి మీద తడుముకుంటున్న చప్పుడు వినిపించింది. తడిమి తడిమి ఆగింది. అంకె డెబ్భై అయింది. ఖాజా పెట్టె మీదికి వంగాడు. డెబ్భై ఎనిమిది.

అప్పుడు అక్క, "ఆ, ఉండావులే," అంది. "నీ ముక్కు సుర్రుమంటాంది. ఏడుస్తాండావా ఏంది?"

అంకె మళ్లీ అరవై ఐదు.

ఇంక ఉండబట్టలేకపోయాను. "అక్కా, మందు ఎక్కువైపోయింది. నేను తప్పు కొలిచినా. నువ్వు బెదరకపోతే పోతావు. విన్యావా? సచ్చిపోతావు!" అని అరిచాను. నా అరుపు సొరంగమంతా తిరిగింది. రెండు వందల మందిలో ఒక్కరూ కదల్లేదు.

"ఏంటికే అట్ల అరుస్తావు," అంది అక్క. మాట ముద్దగా వస్తోంది. "నువ్వుండావు గదా. అప్పుడే లేపినావు... ఇంకాసేపు పండుకోనీ. ఇంత బాగా ఎప్పుడు పండుకున్యానో..."

అరవై రెండు.

నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఖాజా దీపం వెలిగించాడు. ఆమె అప్పటికే దిగిపోయింది. మొహంలో ఎక్కడా ముడత లేదు.

దిగుడు, పదిహేనో రోజు

ఉదయం పదింటికి ఓబుళమ్మ గుండె ఆగింది. గాలిసంచీ నా చేతిలోంచి ఖాజా తీసుకునేదాకా నొక్కుతూనే ఉన్నాను. చెయ్యి వదలడానికి ఇంకా చాలాసేపు పట్టింది.

దిగుడు, ముప్పయ్యో రోజు

అందరి రక్తం తీశాం. ఎనిమిది వందల పన్నెండు సీసాలు. అందరికీ సరిగ్గానే ఉంది. మొదటి మంచం గడిలో గీత కొట్టాల్సి వచ్చింది. ఖాజా కొడతానన్నాడు, నేనే కొట్టాను.

అక్కను గని అడుగున చల్లటి మూలలో ఉంచాం. అక్కడొక దీపం పెట్టాను. నూనె దండగ అని ఎవరన్నా అంటారేమో చూస్తాను.

దిగుడు, నలభై ఎనిమిదో రోజు

రెండు రోజుల కిందట వాన పడింది. తలుపు తెరిచాం. జనం ఒక్కొక్కరే తూలుకుంటూ మెట్లెక్కారు. తులశమ్మ మొదటి మంచం వైపు చూసి, "ఓబుళక్క అప్పుడే లేచిపోయిందా? ఎంత ధైర్యస్థురాలమ్మా!" అంది. నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. అప్పటికి గానీ ఆ పిచ్చిదానికి అర్థం కాలేదు.

దిగుడులో పోయినవాళ్ల గుణపత్రాన్ని సాక్షి గని మూతి దగ్గర ఊరందరి ముందూ చదివి మూసేయాలి. అది కూడా మా పద్ధతే. ఈ పుస్తకం పైవాళ్లకు పంపిస్తున్నాను. నా సాక్షి తప్పు, నా కొలత తప్పు. ఖాజా తప్పేమీ లేదు. మందు అర తాళాలు వాడికి ఇచ్చేశాను. ఇకనుంచి సాక్షితో పాటు ఆ మనిషిని కూడా అడగమని, నాడిని కూడా అడగమని, మూడూ కలవకపోతే సూది ఎత్తవద్దని చెప్పాను.

జనం తడి నేల మీద నిలబడ్డారు. అందరూ ఒకటే మాట కోసం చూస్తున్నారు. భయం లేని మనిషి. పదకొండేళ్లుగా విన్నది. ఎవరో అప్పుడే, "పులి అమ్మా, పులి," అంటున్నారు. నేను కొత్త కాగితం తీసి చదివాను. మద్దిలేటి ఒక్కడే పైకి ఏడ్చాడు, మొహం కప్పుకోకుండా.

చదివింది ఇది.

పేరు: ఓబుళమ్మ.

పని: తూటాలు పేల్చడం.

సాక్షి: చెల్లెలు సుంకులమ్మ.

గుణం: చీకటంటే భయం. ఎవరికీ చెప్పదు. చెల్లెలు చెయ్యి పట్టుకుంటే ఉండదు.

మందు: సగం చాలు.